అడ్డంగా దిగిన తూటాలు

రైఫిల్ పట్టే ఉద్యోగంలో చేరాలనుకునే అమ్మాయిలు అప్పుడప్పుడు బళ్లారిలో మా ఇల్లు వెతుక్కుంటూ వస్తుంటారు. పరుగు ఎట్లా తీయాలి, ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు, రైఫిల్ వెనక్కి తన్నితే భుజం విరుగుతుందా అని అడుగుతారు. విరగదమ్మా అని చెప్పి టీ ఇచ్చి పంపిస్తాను. నేను నిజంగా చెప్పాలనుకునేది వేరే ఉంది. దానికి కాస్త తీరిగ్గా కూర్చోవాలి. కూర్చునే ఓపిక ఉన్నవాళ్ల కోసం రాస్తున్నాను.

నేను పనిచేసిన దళం పేరు రాయను. కరెంటు ప్లాంట్లకు, డ్యాములకు, గనులకు కాపలా కాసే సాయుధ దళాల్లో అదొకటి. మనుషుల పేర్లూ రాయను. కొందరు ఇంకా సర్వీసులో ఉన్నారు. ఇక నాతో పడనివాళ్లకు, తమ పేరు అచ్చులో చూసుకునే సంతోషం నా చేతుల మీదుగా దక్కడం నాకిష్టం లేదు.

మాది మిషన్ కాంపౌండులో పెరిగిన కుటుంబం. మా అమ్మ మిషన్ స్కూల్లో డ్రిల్ టీచరు. చీర కొంగు నడుముకు దోపుకుని, నోట్లో విజిల్ పెట్టుకుని, మమ్మల్ని ఎండలో నడిపించేది. నేను దళంలో చేరతానంటే చర్చిలో పెద్దలు కొందరు ముఖం చిట్లించారు. నర్సు చేయొచ్చు కదా, టీచరు చేయొచ్చు కదా అన్నారు. "నా కూతురు యాడ నిలబడాల్నో నా కూతురికే తెలుసులేప్పా" అని మా అమ్మ ఒక్క మాటతో వాళ్ల నోళ్లు మూయించింది. నాకు ఆ మొండితనం ఆమె దగ్గరినుంచే వచ్చిందని తరువాత చాలామంది అధికారులు, మా అమ్మను చూడకుండానే, కనిపెట్టారు.

నేను చెప్పబోయే సంఘటన నాటికి నేను హవల్దారును. మహిళా ప్లటూన్ నా కింద ఉండేది. గేట్ల దగ్గర, వాచ్ టవర్ల మీద మగవాళ్లతో సమానంగా రైఫిల్‌తో కాపలా కాసేవాళ్లం. ఆ సమానం ఎంత గట్టిదో ఏటా ఒకసారి ఫైరింగ్ పరీక్షలో తేలేది. ఊరి బయట బండరాళ్ల గుట్ట కింద మా రేంజ్. గుట్టకు ఆనించి టార్గెట్లు నిలబెడతారు. పడుకుని, మోకాలి మీద కూర్చుని, నిలబడి కాల్చాలి. తప్పినవాళ్లు మళ్లీ కాల్చాలి. మళ్లీ తప్పితే ఆయుధం తీసేసి వేరే పనికి పంపుతారు.

ఆ ఏడాది ప్రాక్టీసు మొదలైన దగ్గర్నుంచి మా ప్లటూన్ గురి చెడింది. కొత్తవాళ్లు తప్పుతున్నారంటే అర్థముంది, పాతవాళ్లూ తప్పుతున్నారు. చివరికి నేనూ తప్పుతున్నాను. చిన్నప్పుడు చింతకాయలను రాయితో కొట్టినప్పటినుంచీ నా చేయి మీద నాకున్న నమ్మకం ఒక్కసారిగా కదిలింది.

అందరికంటే కష్టంలో పడింది ఒక ప్రొబేషన్ అమ్మాయి. ఆమెది కోస్తా నుంచి వచ్చి తుంగభద్ర కాలువ కింద వరి పొలాలు చేసుకున్న కుటుంబం. అట్లాంటి ఊళ్లను మా దగ్గర క్యాంపులంటారు కాబట్టి మేమంతా ఆమెను క్యాంపు అమ్మాయి అనేవాళ్లం. తాతల కాలంలో వచ్చినా ఇంట్లో మాట మాత్రం ఇంకా కోస్తాదే. ప్రొబేషన్‌లో ఉండగా ఫైరింగ్ తప్పితే ఉద్యోగమే పోతుంది. ఇంటికెళ్తే ఎవరూ కొట్టరు, తిట్టరు. "చెప్పాం కదా" అంటారు, అంతే. ఆ మాటకు ఆమె ఎంత భయపడేదో!

ఒకరోజు ప్రాక్టీసు అయ్యాక నా దగ్గరికి వచ్చి రెండు చేతులూ చాపింది.

"అక్కా, చూడండి. వణుకుతున్నాయా?"

"లేదే."

"కాల్చేటప్పుడు కూడా వణకట్లేదక్కా. ఊపిరి బిగపట్టే కాలుస్తున్నాను. కళ్లు మూసుకుంటున్నానంటున్నారు సారు. ఒట్టు, మూసుకోవట్లేదు."

సారంటే మా రేంజ్ ఆఫీసర్. ఆయన కన్నడం, తెలుగు కలిపి మాట్లాడేవాడు. ఆయన దృష్టిలో మా ప్లటూన్‌కు వచ్చిన జబ్బు ఒకటే: శబ్దానికి భయపడి, ట్రిగ్గర్ నొక్కేముందే భుజం వెనక్కి లాక్కోవడం. నిజమే, అట్లా చేసేవాళ్లు ఉంటారు. మగవాళ్లలోనూ ఉంటారు. కానీ ప్లటూన్‌కు ప్లటూన్ మొత్తం ఒకే ఏడాది భయం పట్టుకుని కూర్చుంటుందా?

మర్నాడు టార్గెట్లకు కాగితం అతికించే పని నేనే వెళ్లి చేశాను. కాల్చిన చిల్లుల మీద చిన్న కాగితం ముక్కలు అంటించి టార్గెట్‌ను మళ్లీ వాడతారు. తూటా సూటిగా వస్తే చిల్లు గుండ్రంగా, పెన్సిల్‌తో పొడిచినట్టు ఉంటుంది. మా టార్గెట్ల మీద పడినవి కొన్నే. ఆ కొన్నింట్లోనూ గుండ్రటివి తక్కువ. మిగతావి పొడుగ్గా, తాళం చెవి దూర్చే కన్నం లాగా ఉన్నాయి. అంటే తూటా ముక్కుతో కాకుండా పక్కతో తగిలింది. గాల్లో దొర్లుకుంటూ వచ్చింది. ఏ భయం వల్లా తూటా దొర్లదు. భయం వల్ల గురి తప్పుతుంది, అంతే.

రైఫిళ్లు దాచే గదిని మేం కోత్ అంటాం. దాని బాధ్యత ఒక ఆర్మరర్‌ది, అంటే ఆయుధాలు బాగుచేసే మనిషి. ఊళ్లో కౌల్ బజార్ మనిషి, అందరికీ భాయ్. నేను క్యాంపు అమ్మాయి రైఫిల్ తీసుకెళ్లి బల్ల మీద పెట్టి, ఆ చిల్లుల సంగతి చెప్పాను. ఆయన ఏమీ ఆశ్చర్యపోలేదు. బోల్ట్ విప్పి, బ్యారెల్‌ను కిటికీ వెలుతురుకు పట్టి, నన్ను చూడమన్నాడు.

బ్యారెల్ లోపల మెలికలు తిరిగిన గాడులుంటాయి. అవే తూటాను బొంగరంలా తిప్పి పంపుతాయి. ఆ తిరుగుడు వల్లే అది ముక్కు ముందుకు పెట్టుకుని సూటిగా పోతుంది. నేను చూసిన బ్యారెల్‌లో, తూటా బయలుదేరే చోట, గాడులు అరిగి నున్నగా అయిపోయాయి. గోడకు నెర్రెలు విచ్చినట్టు సన్నటి పగుళ్లు. మూతి దగ్గర కూడా గాడులు ఆనవాలుకే ఉన్నాయి.

"గోలీ చూస్తే చిన్నదే మేడమ్," అన్నాడు భాయ్. "దాని ఎనక మంట మాత్రం పెద్దది. పాత త్రీనాట్‌త్రీ గోలీ కంటే ఇది సన్నం, జోరు మాత్రం శానా ఎక్కువ. అంత సన్న గొంతులో అంత ఆగ్ పోతాంటే గొంతు కాలకుండా ఉంటుందా? ఇవి ట్రైనింగ్ సెంటర్ నుంచి వచ్చిన రైఫిళ్లు. ఆడ బ్యాచ్ ఎనక బ్యాచ్, బ్యారెల్ సల్లారనీకుండా దడదడ కొట్టినారు. ఆ మీదట ఇనప చువ్వతో బర్రబర్రా క్లీన్ చేసినారు."

"మగ ప్లటూన్ల రైఫిళ్లు?"

ఆయన బల్ల తుడవడం మొదలుపెట్టాడు. "అవి కొత్తవి."

"మాకెందుకు ఇవి వచ్చినాయి భాయ్?"

"ఇవి అయిపోయినాయని నేను అప్పుడే సెప్పినా. లేడీస్ ఎక్కువగా గేట్ డ్యూటీయే కదా, కాల్చే పని యాడ పడుతుందిలే అన్నారు."

ఆ మాట అన్నదెవరని అడగలేదు. ఎవరైనా అనగలరు. అదే నా కడుపు మండించింది.

రేంజ్ ఆఫీసర్‌కు చెప్పాను. ఆయన టార్గెట్ చూడటానికి కూడా లేవలేదు. "గురి తప్పినోళ్లంతా రైఫిల్‌నే అంటారమ్మా. సుమ్నే, ఊరికే టైమ్ వేస్టు," అన్నాడు. నేను లిఖితపూర్వకంగా ఇచ్చాను. పరీక్షలు అయ్యాక చూద్దామని జవాబొచ్చింది. పరీక్షలు అయ్యాక చూడటానికి మా చేతుల్లో రైఫిళ్లే ఉండవు కదా.

ఆదివారం చర్చి అయ్యాక తిన్నగా కౌల్ బజార్ వెళ్లాను. ఆటోలు, బండ్లు తప్పించుకుంటూ భాయ్ ఇల్లు పట్టుకునేసరికి చెమటతో తడిసిపోయాను. వాళ్లావిడ షర్బత్ ఇచ్చింది. పరీక్ష రోజు కమాండెంట్ వస్తాడు, ఆయన ముందు ఉన్నది ఉన్నట్టు చెప్పమని భాయ్‌ని అడిగాను.

ఆయన వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చున్నాడు. ఒకప్పుడు వేరే చోట ఇట్లాగే నోరు తెరిచి, ఇంటికి రావాలంటే మూడు రైళ్లు మారాల్సిన ఊరికి బదిలీ అయ్యాడట. పిల్లల చిన్నతనమంతా అక్కడే గడిచిపోయిందట.

"నేను సెప్తానని మాటియ్యలేను మేడమ్," అన్నాడు. "సెప్పనని కూడా అనను."

నాకు కోపం వచ్చింది. కానీ ఆ షర్బత్ గ్లాసు కింద పెట్టేసరికి ఆ కోపాన్ని ఆయన మీద చూపించడం న్యాయం కాదనిపించింది. ఆయన భయానికి కారణం ఉంది. నాకు అంతవరకూ అట్లాంటి దెబ్బ తగల్లేదు, అందుకని ధైర్యం చవగ్గా దొరికింది.

పరీక్ష ముందురోజు సాయంత్రం ప్లటూన్‌ను కూర్చోబెట్టి చెప్పాను. "రేపు గురి తప్పితే మనల్ని ఫైరింగ్ పాయింట్ మీంచి లెయ్యమంటారు. రైఫిల్ అప్పజెప్పి పొమ్మంటారు. నేను లెయ్యను. మీరు లేస్తే మిమ్మల్ని ఒక్క మాట అనను." క్యాంపు అమ్మాయి, "పడుకునే ఉండాలి, అంతేగా అక్కా? ఎండ ఎక్కువుంటుంది, నీళ్లు తాగి రండి అందరూ," అంది.

పరీక్ష రోజు బళ్లారి ఎండ ఎట్లా ఉండాలో అట్లాగే ఉంది. పొద్దున్నే గుట్ట రాళ్లు వేడెక్కాయి. షామియానా కింద కమాండెంట్ కూర్చున్నాడు. ఉత్తరాదివాడు, తక్కువ మాట్లాడే మనిషి. మగ ప్లటూన్లు కాల్చేశాయి. వాళ్లలో మంచి షూటరనిపించుకున్న ఒక హవల్దారు ఉండేవాడు. పోటీల్లో పతకాలు తెచ్చినవాడు. "ఆడోళ్లకు రైఫిలెందుకప్పా, భుజం నొప్పి కాకపోతే" అని నాకు వినబడేట్టు అనడం అతనికి సరదా. నేనూ ఊరుకునేదాన్ని కాదు. మా ఇద్దరికీ పడదని దళమంతా తెలుసు. ఆ పొద్దున టార్గెట్ల దగ్గర గోతిలో ఉండి కాగితాలు అతికించే వంతు అతని సెక్షన్‌ది.

మా మొదటి వరుస పడుకుని కాల్చింది. నేనూ, క్యాంపు అమ్మాయీ పక్కపక్కనే. ఫలితం మామూలే. టార్గెట్ల దగ్గర్నుంచి జెండా ఊపి ఒక్కొక్కరికీ తప్పు, తప్పు అని చూపిస్తున్నారు. షామియానా వైపు నుంచి నవ్వు వినిపించింది.

రేంజ్ ఆఫీసర్ కమాండెంట్‌తో ఏదో మాట్లాడి, మైకు దగ్గరికి వచ్చాడు. మహిళా ప్లటూన్ ఇకమీదట రైఫిల్ డ్యూటీ చేయదు, లాఠీలతో తనిఖీ పనులకు పరిమితం, ప్రొబేషన్‌లో ఉన్నవాళ్ల సంగతి ఆఫీసు చూసుకుంటుంది అన్నాడు. తరువాత, "లేడీస్, రైఫిళ్లు అప్పజెప్పి ఫైరింగ్ పాయింట్ ఖాళీ చేయండి" అన్నాడు.

నేను మ్యాగజైన్ తీసి, చేంబర్ ఖాళీ చేసి, బోల్ట్ వెనక్కి లాగి, రైఫిల్ నా ముందు నేల మీద పెట్టాను. లేవలేదు. పక్కన క్యాంపు అమ్మాయి రైఫిల్ ఖాళీ చేసిన చప్పుడు. తరువాత ఆ పక్క, ఆ పక్క. ఒక్కరూ లేవలేదు. వెనక నిలబడ్డ రెండో వరుస ఒక అడుగు ముందుకు వేసి, మా కాళ్ల దగ్గర బోర్లా పడుకుంది. వాళ్లకు నేను అట్లా చేయమని చెప్పలేదు.

"ఏనమ్మా ఇదు? లేవండి!"

"లెయ్యం సార్," అన్నాను. "మంచి రైఫిల్ ఇచ్చి కాల్చమనండి. అప్పుడూ తప్పితే లాఠీ ఇయ్యండి, చీపురియ్యండి, తీసుకుంటాం."

"ఇది ఆర్డరు! ఏం చేస్తాండావో తెలుసా నీకు?"

"తెలుసు సార్. తెలిసే చేస్తాండా."

మట్టి వేడికి మోచేతులు కాలుతున్నాయి. ఎవరో దగ్గారు. ఆ అరుపులు ఎంతసేపు సాగాయో చెప్పలేను. చివరికి రేంజ్ ఆఫీసర్, షామియానా పక్కనున్న భాయ్‌ని పిలిచాడు. "ఆర్మరర్, ఈ రైఫిళ్లు పనిచేస్తాయా, లేదా?" భాయ్ నిలబడ్డాడు. నేల చూశాడు. "పేలుతాయి సార్," అన్నాడు. అంతే. అది అబద్ధం కాదు, నిజమూ కాదు.

"చూశావా?" అన్నాడు రేంజ్ ఆఫీసర్ నాతో. ఆ కోపంలోనే, టార్గెట్ల దగ్గర వంతు ముగించుకుని వస్తున్న ఆ పతకాల హవల్దారును కేకేశాడు. "రావయ్యా. కాల్చడమంటే ఏమో వీళ్లకు చూపించు."

అతను తన రైఫిల్ భుజాన వేసుకుని వచ్చాడు. నా పక్కన ఆగి కిందికి చూశాడు. నేను తల ఎత్తి చూశాను. అతను తన రైఫిల్ తీసి పక్కన పెట్టాడు. క్యాంపు అమ్మాయి వైపు చెయ్యి చాపి, "నీ రైఫిల్ ఇట్లియ్యమ్మా," అన్నాడు.

"నీదానితో కాల్చవయ్యా!" అని అరిచాడు రేంజ్ ఆఫీసర్.

"చూపియ్యమన్నారు కదా సార్. వీళ్లు దేంతో కాల్చినారో దాంతోనే చూపిస్తా."

క్యాంపు అమ్మాయి జరిగి చోటిచ్చింది. అతను మట్టిలో పడుకున్నాడు. అతను కాల్చే తీరు చూడటానికి బాగుంటుంది, పడని మనిషినైనా ఒప్పుకుంటాను. తొందర లేదు, తడబాటు లేదు. ఐదు తూటాలూ కాల్చి, రైఫిల్ ఖాళీ చేసి లేచాడు. ఇద్దరు పరుగెత్తుకెళ్లి టార్గెట్‌ను ఊడబీకి తెచ్చారు. చిల్లులు రెండే. రెండూ అంచునే. రెండూ అడ్డంగా, పొడుగ్గా.

అతను ఆ చట్రాన్ని రెండు చేతులతో పట్టుకుని షామియానా దాకా నడిచి, కమాండెంట్ ముందు పెట్టాడు.

"పొద్దుటినుంచి గోతిలో ఉండి చూస్తాండా సార్. వీళ్లవన్నీ ఇట్లే దిగుతాండాయి. గురి తప్పినందుకు వీళ్ల రైఫిళ్లు తీసుకునేటట్లుంటే నన్ను కూడా ఈ ఆడోళ్ల లెక్కలోనే ఏసుకోండి. నాదీ తీసుకోండి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. అప్పుడు భాయ్ కదిలాడు. పిలవకుండానే షామియానా కిందికి వెళ్లి, సెల్యూట్ కొట్టి, "సార్, ఈ బ్యారెళ్లు అయిపోయినయి. నేను శానా దినాల కిందటే సెప్పినా. మళ్లా సెప్తాండా," అన్నాడు.

కమాండెంట్ లేచి వచ్చి ఆ రైఫిల్ బ్యారెల్‌ను ఎండకు పట్టి చూశాడు. ఇంకొకటి చూశాడు. ఇంకొకటి. తరువాత నా తల దగ్గర నిలబడి, "ఇప్పుడు లేస్తావా?" అని హిందీలో అడిగాడు.

"లేస్తాను సార్," అన్నాను. క్యాంపు అమ్మాయి చెయ్యి పట్టుకుని లేపింది.

మా పరీక్ష వాయిదా పడింది. బ్యారెళ్లు మారాయి. క్యాంపు అమ్మాయి కొత్త బ్యారెల్‌తో పాసై ప్రొబేషన్ దాటింది. ఆమె పాసైన సాయంత్రం వాళ్ల నాన్న క్యాంపు నుంచి మోటార్ సైకిల్ మీద బియ్యం బస్తా వేసుకుని మా క్వార్టర్ ముందు దిగాడు. వద్దంటే వినలేదు. "మీరు కొనుక్కునే బియ్యం బియ్యమేనా అమ్మా?" అని నన్నే కోప్పడ్డాడు.

ఇక నా సంగతి. రేంజ్ మీద ఆర్డరు ధిక్కరించడం చిన్న తప్పు కాదు. విచారణ జరిగింది. చివర్లో కమాండెంట్ నన్ను లోపలికి పిలిచి కూర్చోమన్నాడు. హవల్దార్లను కూర్చోమనేవాడు కాదాయన.

"రైఫిళ్ల విషయంలో నువ్వన్నదే నిజం. కానీ తూటాలున్న చోట క్రమశిక్షణ పోతే ప్రాణాలు పోతాయి. క్షమించమని ఒక లైను రాసివ్వు. దీన్ని ఇక్కడితో మూసేస్తాను."

ఆయన మాటలో సగం న్యాయం ఉంది. అందుకే జవాబు చెప్పేముందు ఆలోచించాను.

"రైఫిల్ ఖాళీ చేసినాకనే అట్లా పడుకుండిపోయినాం సార్. ఎవరికీ అపాయం చేయలేదు. రాతపూర్వకంగా అడిగినా, నోటితో అడిగినా. ఇంక పడుకోవడం ఒక్కటే మిగిలింది. దేనికి క్షమించమని రాయాల?"

"నీ ప్రమోషన్ పోతుంది."

"పోనీయండి సార్."

ఆయన పెన్ను మూత పెట్టి, వెళ్లమన్నాడు. ప్రమోషన్ పోయింది. సండూరు కొండల్లో ఒక చిన్న పోస్టుకు బదిలీ అయింది. అక్కడ ఖనిజం లారీల ఎర్ర దుమ్ము అన్నంలో కూడా పడేది. నేను హవల్దారుగానే ఉండి హవల్దారుగానే రిటైరయ్యాను. బాధ లేదా అంటే, ఉంది. నాకంటే వెనక చేరినవాళ్లకు సెల్యూట్ కొట్టినప్పుడల్లా ఉండేది. కానీ ఆ లైను రాసుంటే బాగుండేదని మాత్రం ఏ రోజూ అనుకోలేదు. భాయ్ బదిలీ కాకుండానే రిటైరయ్యాడు. పతకాల హవల్దారుకూ నాకూ ఆ తరువాత కూడా పడలేదు. కాకపోతే పోట్లాటల్లో మర్యాద పెరిగింది.

మరుసటి ఏడు పరీక్షకు సండూరు నుంచి దిగి వచ్చాను. అదే రేంజ్, అదే ఆఫీసరు. మా పాత ప్లటూన్ బాగా కాల్చింది, ఒక్కామె తప్ప. ఆమె తూటాలు టార్గెట్ పక్కనున్న మట్టిలో దిగాయి. నేను చూస్తూనే ఉన్నాను, ట్రిగ్గర్ నొక్కేముందే ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది.

రేంజ్ ఆఫీసర్ ఇదే అదనుగా నా దగ్గరికి వచ్చాడు. "బ్యారెల్ కొత్తదే కదమ్మా. ఈసారి ఏమంటావు?"

"ఫెయిలైంది సార్," అన్నాను. "రైఫిల్ బాగుండాది. తప్పు ఆమెదే. మొగోళ్లు తప్పితే ఏం చేస్తారో ఈమెకూ అదే చేయండి. పోయినేడు మేం అడిగింది ఇదే కదా, మా తప్పు మాదై ఉండాలని."

ఆయన ఏదో అనబోయి మానుకున్నాడు. వెనక్కి తిరిగి, మగవాళ్లను పిలిచే గొంతుతోనే ఆమె నంబరు పిలిచి, మళ్లీ కాల్చమన్నాడు. ఆమె ముక్కు చీదుకుంటూ వచ్చి పడుకుంది. నేను ఆమె చెవి దగ్గర వంగి, "కళ్లు తెరువు తల్లీ, బయటికి పోయేది తూటానే, నువ్వు కాదు," అన్నాను. ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగేదాకా ఉండి, కళ్లు తెరిచి కాల్చింది. అంచు మార్కులతో గట్టెక్కింది. టార్గెట్ మీద చిల్లులన్నీ చెల్లాచెదురుగా ఉన్నాయి గానీ, ఒక్కొక్కటీ గుండ్రంగా ఉంది.